ఐటీఐ పూర్తయింది.. తర్వాత దారేది?

అప్రెంటిస్‌షిప్ వదిలేస్తే అర్హతకే ఎసరు
ట్రేడ్‌ను బట్టి కొలువులు.. తెలుసుకోకుంటే నష్టం

గోదావరిఖని: ఐటీఐ ఫలితాలు వెలువడిన వారం పది రోజుల వరకు పారిశ్రామిక ప్రాంతంలోని ఇంటర్నెట్ కేంద్రాల వద్ద యువకుల సందడి కనిపిస్తుంది. మార్కుల పత్రం చేతికి వచ్చాక ఆ సందడి సద్దుమణుగుతుంది. కొందరు మరుసటి నెలలోనే గుత్తేదారు వద్ద దినకూలీగా చేరిపోతారు. మరికొందరు సింగరేణి ప్రకటన కోసం ఎదురుచూస్తూ ఇంటి పట్టునే ఉంటారు. ఇంకొందరు పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకుని గల్ఫ్ ఏజెంటు చుట్టూ తిరుగుతుంటారు. రెండేళ్లు ఫిట్టరో, ఎలక్ట్రీషియనో నేర్చుకున్న యువకుడికి ఆ తర్వాత ఏయే దారులు ఉన్నాయో, ఏ దారికి ఏ కాగితం అవసరమో చెప్పేవారు ఆ సమయంలో దొరకడం అరుదు. శిక్షణ సంస్థలో చివరి రోజు వరకు హాజరు, పరీక్ష, ప్రాక్టికల్స్ అంటూ గడిచిపోతుంది. తర్వాతి సంగతి విద్యార్థి తలపైనే పడుతుంది.

చుట్టూ సింగరేణి గనులు, రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, దాని పక్కనే 1,600 మెగావాట్ల తెలంగాణ సూపర్ థర్మల్ ప్రాజెక్టు, 2021లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారం, కొంత దూరంలో కాజీపేట రైల్వే షెడ్లు ఉన్న ప్రాంతం ఇది. పని లేదనడానికి వీల్లేదు. ఉన్న పనిలోకి ఏ ద్వారం గుండా వెళ్లాలన్నదే ప్రశ్న.

ముందుగా ధ్రువపత్రం సరిచూసుకోవాలి

ఐటీఐ పూర్తి చేసిన వారికి కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ జనరల్ పరిధిలో జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ జారీ అవుతుంది. ఇప్పుడది డిజిటల్ రూపంలోనే లభిస్తోంది. దానిలోని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. చిన్న విషయంగా కనిపించినా ఎక్కువ మంది దెబ్బతింటున్నది ఇక్కడే. మెమోలో ఇంటి పేరు పూర్తిగా, ఐటీఐ పత్రంలో పొడి అక్షరంగా, ఆధార్‌లో అసలు లేకుండా ఉన్న యువకులను ఈ విలేకరి ఎందరినో చూశారు. దరఖాస్తు సమయంలో ఎవరూ అడ్డుచెప్పరు. పరీక్ష రాసి, ఎంపికై, ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్లినప్పుడు అధికారి వేలు పెట్టి చూపుతారు. అప్పటికప్పుడు సవరణ సాధ్యం కాదు. ప్రవేశ సమయంలో సంస్థ నమోదు చేసిన వివరాలే చివరి వరకు కొనసాగుతాయి కాబట్టి తప్పు కనిపించిన రోజే చదివిన ఐటీఐ ప్రిన్సిపల్‌కు లిఖితపూర్వకంగా విన్నవించి, ప్రతిపై సంతకం తీసుకోవడం మేలు.

ఏడాది అప్రెంటిస్‌షిప్ ఎందుకంటే..

ఐటీఐ తర్వాత చేయాల్సిన మొదటి పని ఇదే. ఎక్కువ మంది వదిలేస్తున్నదీ ఇదే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నాలుగు నుంచి 29 మంది ఉన్న సంస్థలకు ఇది ఐచ్ఛికం. రెండేళ్ల ట్రేడ్ పూర్తి చేసిన వారికి సాధారణంగా ఏడాది పాటు శిక్షణ ఉంటుంది. 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ ఉత్తీర్ణులకు నెలకు కనీసం రూ.7,700 ఉపకార వేతనాన్ని నిర్దేశించాయి. సంస్థ తలచుకుంటే అంతకంటే ఎక్కువ ఇవ్వవచ్చు. శిక్షణ ముగిశాక పరీక్షలో ఉత్తీర్ణులైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

గుత్తేదారు వద్ద చేరితే నెలకు అంతకంటే నాలుగైదు వేలు ఎక్కువే వస్తాయన్నది యువకుల వాదన. ఇంట్లో ఇబ్బంది ఉన్నవారికి ఆ తేడా చిన్నది కాదు, కాదనలేం. అయితే ఆ ఏడాది సంపాదన తర్వాతి పదేళ్ల అర్హతను తినేస్తున్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది. సింగరేణి గతంలో జారీ చేసిన ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రైనీ ప్రకటనల్లో ఐటీఐతో పాటు అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసిన పత్రాన్ని అర్హతగా పేర్కొన్న సందర్భాలు ఉన్నాయి. అయిదేళ్లు అదే గనిలో కాంట్రాక్టు కార్మికుడిగా పనిచేసి, యంత్రాన్ని విప్పి బిగించగల నేర్పు ఉన్నా ఆ కాగితం లేక దరఖాస్తే చేయలేకపోయిన వారు ఈ ప్రాంతంలో కనిపిస్తారు.

మరో జాగ్రత్త కూడా ఉంది. ఒకసారి చట్టప్రకారం అప్రెంటిస్‌గా ఒప్పందం కుదుర్చుకుని శిక్షణ పొందిన వారు, పొందుతున్న వారు మళ్లీ దరఖాస్తుకు అనర్హులని రైల్వే వంటి సంస్థలు ప్రకటనల్లోనే స్పష్టం చేస్తాయి. కనుక తొందరపడి ఏదో చిన్న సంస్థలో ఒప్పందంపై సంతకం చేస్తే పెద్ద సంస్థ ప్రకటన వచ్చినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఎక్కడ చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే సంస్థల ఖాళీలు కనిపిస్తాయి. నమోదుకు రుసుము లేదు.

అప్రెంటిస్‌షిప్ అంటే ఉద్యోగం కాదన్న స్పష్టత కూడా అవసరం. శిక్షణ పూర్తయిన వారిని కొలువులోకి తీసుకోవాలన్న నిర్బంధం యాజమాన్యాలపై లేదు. ఆ ఆశ చూపి డబ్బు అడిగేవారు ఉంటే అది మోసమేనని గ్రహించాలి. పారిశ్రామిక ప్రాంతంలో కొలువుల పేరిట వసూళ్ల ఉదంతాలు కొత్తవేమీ కావు.

రైల్వేలో అవకాశాలు

దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌ల ఎంపికకు రాతపరీక్ష నిర్వహించదు. పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటుతో ప్రతిభ జాబితా తయారు చేస్తుంది. పదిలో కనీసం 50 శాతం ఉండాలి. 2024 డిసెంబరులో వెలువడిన ప్రకటనలో 4,232 స్థానాలు చూపారు. వయసు 15 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ల సడలింపు ఉంటుంది. రెండు మూడేళ్లు కూలికి వెళ్లి వచ్చి ప్రయత్నిద్దామనుకుంటే వయసు దాటిపోతుంది. పదో తరగతి మార్కులకు ఐటీఐ తర్వాత విలువ ఉండదన్న అపోహ కూడా ఇక్కడ తొలగిపోతుంది.

రైల్వేలోనే అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసిన వారికి మరో ప్రయోజనం ఉంది. లెవెల్-1 నియామకాల్లో 20 శాతం పోస్టులు వారికి కేటాయిస్తున్నారు. పోటీ పరీక్ష రాయాల్సిందే అయినా పోటీపడేవారి సంఖ్య బాగా తగ్గుతుంది.

ఐటీఐ అర్హతతో అందే రైల్వే కొలువుల్లో అసిస్టెంట్ లోకోపైలట్‌ది ప్రత్యేక స్థానం. 2024 ప్రకటనలో తొలుత 5,696గా ఉన్న పోస్టులను 18,799కి పెంచారు. 2025లో 9,970 పోస్టులకు ప్రకటన వచ్చింది. దీనికి ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్, డీజిల్ మెకానిక్, మోటారు వాహన మెకానిక్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్, వైర్‌మన్, ట్రాక్టర్ మెకానిక్, శీతలీకరణ మెకానిక్ వంటి నిర్ణీత ట్రేడ్‌ల వారే అర్హులు. వెల్డర్, కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్‌లు ఆ జాబితాలో లేవు. ఈ సంగతి ఐటీఐలో చేరే రోజే తెలిస్తే ఎంతో బాగుండేది.

పరీక్ష రెండు దశల్లో ఉంటుంది. తెలుగులోనూ రాయవచ్చు. మొదటి దశలో 60 నిమిషాల్లో 75 ప్రశ్నలు. రెండో దశలో ‘ఎ’ భాగంలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, ‘బి’ భాగంలో గంటకు 75 ప్రశ్నలు ఉంటాయి. ‘బి’ భాగం ప్రశ్నలు అభ్యర్థి చదివిన ట్రేడ్ నుంచే వస్తాయి. దానిలో 35 శాతం వస్తే చాలు కానీ అది రాకపోతే ‘ఎ’ భాగంలో ఎన్ని మార్కులు వచ్చినా ఫలితం లేదు. తప్పు సమాధానానికి మూడో వంతు మార్కు కోత పడుతుంది. చాలామంది గణితం, రీజనింగ్‌కు హైదరాబాద్‌లో వేలు పోసి కోచింగ్ తీసుకుంటూ ట్రేడ్ థియరీ పుస్తకాన్ని అటకెక్కిస్తున్నారు. ఆ తర్వాత కంప్యూటర్ ఆధారిత అభిరుచి పరీక్ష ఉంటుంది. చివరగా వైద్య పరీక్షలో ఏ-1 ప్రమాణం కావాలి. కళ్లద్దాలు లేకుండా పూర్తి చూపు, రంగులను గుర్తించగల శక్తి తప్పనిసరి. లేజర్ చికిత్స చేయించుకున్న వారిని అనుమతించరు. ఏళ్ల తరబడి చదివి చివరి మెట్టుపై వెనుదిరగడం కంటే, జిల్లా ఆసుపత్రిలో ఒకసారి కంటి పరీక్ష చేయించుకుని సన్నాహాలు మొదలుపెట్టడం మంచిది. చూపులో లోపం ఉన్నవారు టెక్నీషియన్ పోస్టుల్లో తమకు సరిపడే వాటిని ఎంచుకోవచ్చు.

కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి 2023 జులై 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. వరంగల్, పెద్దపల్లి జిల్లాల యువత దానిపై ఆశలు పెట్టుకుంది. అయితే ‘స్థానికులకు కోటా ఇప్పిస్తాం’ అని గ్రామాల్లో తిరిగే వారి మాట నమ్మరాదు. రైల్వే నియామకాలన్నీ అధికారిక ప్రకటన ద్వారానే జరుగుతాయి.

సింగరేణి, విద్యుత్ సంస్థల్లో..

సింగరేణి ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులకే దక్కుతున్నాయి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం జిల్లాలు ఆ పరిధిలోకి వస్తాయి. ప్రకటనలు ఏటా రావు. వచ్చినప్పుడు పోస్టులు పదుల్లో, దరఖాస్తులు వేలల్లో ఉంటాయి. కార్మిక కుటుంబాల్లో మరో ధోరణి కనిపిస్తోంది. తండ్రి అనారోగ్యంతో దిగిపోతే కారుణ్య నియామకం వస్తుందన్న ఆలోచనతో కొడుకు ఐటీఐ పత్రాన్ని పెట్టెలో దాచేసి ఏళ్లు గడుపుతున్నాడు. మెడికల్ బోర్డు నిర్ణయం ఎవరి చేతిలోనూ ఉండదు. ఆలోగా అప్రెంటిస్‌షిప్ అయినా పూర్తి చేసుకుంటే చేతిలో ఒక ఆధారం మిగులుతుంది.

విద్యుత్ పంపిణీ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడ్, లేదా ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ కోర్సు అర్హత. రాతపరీక్షలో నెగ్గిన వారు స్తంభం ఎక్కి చూపాలి. ఎక్కడం అలవాటు లేక అక్కడ ఆగిపోయిన వారు తక్కువ కాదు. ఈ పోస్టు పురుషులదేనన్న భావన ఉండేది. 2019 ప్రకటనపై మహిళలు హైకోర్టును ఆశ్రయించారు. కోర్టు ఆదేశాలతో స్తంభం ఎక్కే పరీక్షకు హాజరై నెగ్గిన సిద్దిపేట జిల్లా యువతి బబ్బూరి శిరీష 2022లో లైన్‌ఉమన్‌గా నియమితులయ్యారు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదువుతున్న ఆడపిల్లలను ‘నీకెందుకమ్మా ఈ చదువు’ అని ప్రశ్నించే వారికి ఆ నియామకమే సమాధానం.

తీర ప్రాంతానికి వెళ్లగలిగితే విశాఖపట్నం నావికా డాక్‌యార్డు అప్రెంటిస్ పాఠశాల మంచి అవకాశం. పదిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం మార్కులు ఉన్నవారికి రాతపరీక్ష నిర్వహించి ఎంపిక చేస్తారు. హైదరాబాద్‌లోని బీహెచ్‌ఈఎల్, బీడీఎల్, ఈసీఐఎల్, మిధాని, అణు ఇంధన సముదాయం కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. సైన్యంలో అగ్నివీర్ టెక్నికల్ విభాగానికి పదో తరగతితో పాటు రెండేళ్ల ఐటీఐని అర్హతగా పరిగణిస్తున్నారు.

వెల్డర్లది వేరే లెక్క

రైల్వే లోకోపైలట్ జాబితాలో చోటు లేకపోయినా వెల్డర్‌కు రామగుండం వంటి చోట గిరాకీ ఎక్కువ. విద్యుత్ కేంద్రంలో యూనిట్‌ను మరమ్మతులకు నిలిపినప్పుడు బాయిలర్ గొట్టాలను అతికే పని ఉంటుంది. ఆ పనిని అందరికీ అప్పగించరు. భారత బాయిలర్ల నిబంధనల కింద పరీక్షలో నెగ్గి ధ్రువపత్రం పొందిన వెల్డరే చేయాలి. గొట్టాన్ని ఏటవాలుగా బిగించి, దాన్ని తిప్పకుండా చుట్టూ తానే తిరుగుతూ అతకాలి. అతుకును ఎక్స్‌రే తీసి లోపం లేదని తేలిస్తేనే ఉత్తీర్ణత. ఈ పత్రానికి కాలపరిమితి ఉంటుంది, గడువు ముగిసేలోగా పునరుద్ధరించుకోవాలి. ఐటీఐలో నేర్పే సాధారణ ఆర్క్ వెల్డింగ్‌కు ఆర్గాన్ వెల్డింగ్ జోడించుకుని ఈ పరీక్ష నెగ్గిన వారికి, నెగ్గని వారికి కూలిలో ఎంతో తేడా ఉంటోంది. ఒక యూనిట్ పని ముగియగానే మరో రాష్ట్రంలోని కేంద్రానికి వెళ్లేవారూ ఉన్నారు. స్థిరత్వం తక్కువ, ఇంటికి దూరం, కళ్లకు శ్రమ. తెలుసుకుని దిగాలి.

కాంట్రాక్టు పని ఎక్కడ చేసినా మొదటి నెలలోనే అడగాల్సినవి రెండు ఉన్నాయి. ఒకటి భవిష్యనిధి ఖాతా సంఖ్య, రెండోది ఈఎస్‌ఐ కార్డు. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట భవిష్యనిధి వర్తిస్తుంది. నెల వేతనం రూ.21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ వైద్యం అందుతుంది. వేతనం నుంచి మినహాయించుకుని ఖాతాలో జమచేయని గుత్తేదార్లు ఉంటారు. ఫోన్‌లో నెలకోసారి ఖాతా చూసుకుంటే దొంగతనం ఆ నెలలోనే బయటపడుతుంది.

చదువు కొనసాగించాలంటే..

రెండేళ్ల ట్రేడ్ పూర్తి చేసి, బ్రిడ్జి కోర్సు ఉత్తీర్ణులైన వారు ఎల్‌పీసెట్ ద్వారా పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ప్రవేశం ఉంటుంది. ఐటీఐతో చదువు ఆగిపోయిందని బాధపడే తల్లిదండ్రుల్లో ఈ రెండు మెట్ల సంగతి తెలిసిన వారు కొద్దిమందే. బ్రిడ్జి కోర్సు నోటీసు వచ్చినప్పుడే చేరాలి, తప్పితే మరో ఏడాది ఆగాలి. గణితంలో వెనుకబడిన వారికి పాలిటెక్నిక్ రెండో సంవత్సరం కష్టంగానే ఉంటుందన్నది అధ్యాపకుల మాట.

డిగ్రీ చదవాలనుకునే వారికి ఇంటర్ సమానత్వం అడ్డుగా ఉండేది. 2016లో జాతీయ సార్వత్రిక విద్యా సంస్థతో కుదిరిన ఒప్పందంతో ఆ చిక్కు తొలగింది. పది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసిన వారు ఆ సంస్థ ద్వారా భాషా పరీక్ష ఉత్తీర్ణులైతే పన్నెండో తరగతికి సమానమైన ధ్రువపత్రం పొందవచ్చు. ఎనిమిదో తరగతితో చేరిన వారికి అదే తీరున పదో తరగతి సమానత్వం లభిస్తుంది.

బోధనపై ఆసక్తి ఉన్నవారికి ఏడాది వ్యవధి గల క్రాఫ్ట్స్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ ఉంది. హైదరాబాద్ విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలో ఇది అందుబాటులో ఉంది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనిని 2024 జూన్‌లో ప్రారంభించారు. రోబోటిక్స్, విద్యుత్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు వాటిలో వచ్చాయి. పాత ట్రేడ్ చదివిన వారు ఇక్కడి స్వల్పకాలిక కోర్సుల సంగతి విచారించుకోవచ్చు.

గల్ఫ్ బాట పట్టేముందు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా వలసలు సాగుతున్నాయి. చేతిపని ఉన్నవాడికి, లేనివాడికి అక్కడ వేతనంలో తేడా ఉంటుంది. ఐటీఐ పత్రం ఉండి కూడా ‘లేబర్’ వీసాపై వెళ్లి ఎడారిలో మట్టి మోసిన వారి కథలు ఈ పల్లెలకు తెలిసినవే. వీసాపై వృత్తి పేరు ఏమని ఉందో చదివించుకోవాలి. సందర్శక వీసాపై వెళ్లి అక్కడ మార్పించుకోవచ్చన్న మాట అసలు వినరాదు.

నమోదైన ఏజెంటు మాత్రమే పంపాలి. అతడి నమోదు సంఖ్య ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోవచ్చు. నిబంధనల ప్రకారం ఏజెంటు సేవా రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీకి మించరాదు. లక్షన్నర, రెండు లక్షలు చేతిలో పెట్టి రసీదు కూడా అడగని వారున్నారు. చెల్లింపు బ్యాంకు ద్వారానే జరపాలి. రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా యోజన పత్రం తీసుకున్నాకే విమానం ఎక్కాలి. పత్రాల నకళ్లు ఇంట్లో భార్య లేదా తల్లి వద్ద ఉంచాలి. ఏదైనా జరిగితే ముందుగా అడిగేది అవే. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా విదేశీ కొలువులకు ఎంపికలు జరుగుతున్నాయి.

సొంతంగా నిలబడాలనుకుంటే..

మండల కేంద్రాల్లో మోటార్ల రీవైండింగ్, ద్విచక్ర వాహనాల మరమ్మతు, ఫ్రిజ్, ఏసీ బాగుచేత దుకాణాలు నడిపేవారిలో ఐటీఐ పూర్తి చేసిన వారు తక్కువ, గురువు దగ్గర నేర్చుకున్న వారే ఎక్కువ. ఏడాది పాటు అలాంటి దుకాణంలో పనిచేస్తే తరగతి గదిలో దొరకని కిటుకులు తెలుస్తాయి, వాడుకరులతో పరిచయమూ ఏర్పడుతుంది.

ఎలక్ట్రీషియన్లు విద్యుత్ తనిఖీ శాఖ పరిధిలోని లైసెన్సింగ్ బోర్డు నుంచి వైర్‌మన్ పర్మిట్ పొందితే గుర్తింపు పొందిన కాంట్రాక్టర్ల వద్ద పని దొరుకుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో ఇళ్లపై సౌర పలకల ఏర్పాటు పెరిగింది. మూడు కిలోవాట్లకు కేంద్రం రూ.78,000 రాయితీ ఇస్తుండటంతో పల్లెల్లోనూ అడుగుతున్నారు. బిగించే సంస్థలకు నేర్పున్న పనివారు కావాలి.

రుణం కోసం పీఎంఈజీపీని ఆశ్రయించవచ్చు. సేవారంగ యూనిట్లకు రూ.20 లక్షలు, ఉత్పత్తి యూనిట్లకు రూ.50 లక్షల వరకు ప్రాజెక్టు వ్యయాన్ని అనుమతిస్తారు. గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకు 35 శాతం రాయితీ లభిస్తుంది. సొంత వాటాగా సాధారణ వర్గం 10 శాతం, మిగిలినవారు 5 శాతం పెట్టుకోవాలి. రాయితీ సొమ్ము వెంటనే చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే నిల్వ ఉంటుంది. రాయితీ పోను మిగిలిన దానికే వాయిదాలు అనుకుని లెక్క వేసుకున్న వారు మొదటి ఏడాదిలోనే తడబడుతున్నారు. బ్యాంకు మేనేజరు అంగీకారమే ఇక్కడ కీలకం. దరఖాస్తుకు ముందే ఆయనను కలిసి, యంత్రాల కొటేషన్లు, దుకాణం అద్దె ఒప్పందం చూపితే దస్త్రం కదులుతుంది. దరఖాస్తు వివరాలు పెద్దపల్లిలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో లభిస్తాయి.